రెండు బాబిన్ల రొట్టె

పదకొండో రొట్టె కూడా తన్నేసింది.

చూడటానికేం, బాగానే ఉంది. పొంగింది, పైన ఎర్రగా కాలింది. డ్రైవరుగారు వేడి తగ్గేదాకా కూడా ఆగకుండా ఓ మూల కోసి నోట్లో వేసుకున్నారు. ఉప్పు సరిపోయింది. మెత్తగానే ఉంది. కానీ అది బజారులో ఏ కొట్లోనైనా దొరికే రొట్టెలా ఉంది తప్ప ఇంటావిడ చేసిన రొట్టెలా లేదు. ఆయన కత్తిని బల్ల మీద విసిరి కొట్టారు.

ముప్పై రెండేళ్ళు బస్సు నడిపిన మనిషి. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఊరంతా ఇంకా డ్రైవరుగారనే పిలుస్తుంది. ఆ ముప్పై రెండేళ్ళలో ఆయన వంటింట్లోకి వెళ్ళింది మంచినీళ్ళ కోసం, లేదా మంచినీళ్ళు ఎందుకు తేలేదని అడగడం కోసం. ఇంటావిడ పోయి ఏడాదిన్నరైంది. అప్పట్నుంచీ ఏదో ఉడకేసుకుని తింటున్నారు. రొట్టె జోలికి మాత్రం పోలేదు. మూడు వారాల కిందట కూతురు ఫోన్ చెయ్యకపోతే ఇప్పటికీ పోయేవారు కాదు.

పట్నంలో ఉన్న కూతురికి మూడో నెల. వేవిళ్ళు ఆ పిల్లని పీల్చి పిప్పి చేస్తున్నాయి. మంచినీళ్ళు కూడా లోపల నిలవడం లేదు. నాలుగు కిలోలు తగ్గింది. ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చుకోవాల్సిందేనని డాక్టరమ్మ తేల్చేసింది.

"నాన్నా, ఏది తలచుకున్నా తిప్పుతోంది. అమ్మ చేసే బ్రెడ్డు ఉంటే తినగలనేమో అనిపిస్తోంది" అంది కూతురు, గొంతులో ఓపిక లేకుండా.

"అదెంత పని! నేను చేసిపెడతాను, నువ్వు రా" అన్నారీయన.

నోరా, వీపుకి తేకే అన్నట్టయింది. ఈ ఆదివారం అల్లుడు పిల్లని తీసుకొస్తానన్నాడు. ఇవాళ శనివారం.

ఆవిడ వంటల పుస్తకం ఉంది. అందులో రొట్టె పేజీ కూడా ఉంది. పిండి ఇంత, పాలు ఇన్ని, ఈస్ట్ చెంచాడు, వెన్న, ఉప్పు. అంతవరకూ సుబ్బరంగా ఉంది. చివరి వరస దగ్గరే వచ్చింది చిక్కంతా. "ఆకులు ఆరు. రెండు బాబిన్లు."

ఏ ఆకులు? రాసిన మనిషికి తెలుసు కాబట్టి రాయలేదు. డ్రైవరుగారు పెరట్లో ఉన్న ఆకులన్నీ వరసపెట్టి వేసి చూశారు. నిమ్మాకు తరిగి వేస్తే చేదొచ్చింది. పుదీనా వేస్తే పళ్ళు తోముకున్నట్టుంది. జామాకుతో చేసినదాన్ని వీధికుక్క వాసన చూసి, ఓసారి ఆయన వంక చూసి, తన దారిన తను వెళ్ళిపోయింది. ఇక బాబిన్లంటారా, కుట్టుమిషన్లో దారం చుట్టి పెట్టే ఆ చిన్న చక్రాలకీ రొట్టెకీ ఏం సంబంధం? ఏదో కుట్టుపని లెక్క ఈ పేజీలోకి వచ్చిపడిందనుకుని ఆయన దాన్ని పట్టించుకోలేదు. పోనీ ఓవెన్ అయినా సహకరిస్తుందా అంటే, దాని మీటకి ఉన్న అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఓరోజు మాడుస్తుంది, ఓరోజు లోపల పచ్చిపిండి వదిలేస్తుంది.

పాలుపోసే ఆయన గేటు దగ్గర నిలబడి పదకొండో రొట్టె ముక్క నమిలాడు.

"బావుంది డ్రైవరుగారూ. కానీ..."

"ఆ కానీ ఏంటో చెప్పు."

"అమ్మగారు బ్రెడ్డు చేస్తే వీధి చివరికి వాసనొచ్చేది. ఇది ముక్కు దగ్గర పెట్టుకున్నా రావట్లేదు. టైలరమ్మని అడక్కపోయారా? ఈ ఊళ్ళో ఆవిడకి తెలియందేముంది?"

డ్రైవరుగారు గేటు వేసేశారు. పాలాయన వేళ్ళు నలగకపోవడం అతని అదృష్టం.

ఎవరి పేరు వినకూడదో ఆ పేరే వినబడింది మరి. టైలరమ్మ ఇల్లు వీళ్ళ పెరటి వెనకే. కిటికీ పక్కన మిషన్ వేసుకుని కూర్చుంటుంది. కిటికీ తెరిస్తే ఎదురుగా వీళ్ళ పెరడు, పెరటి గుమ్మం, వంటింట్లో సగం. కాలు మిషన్ మీద, కళ్ళు ఇక్కడ. డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ ఆయనకి అదేమీ పట్టలేదు. ఇంటిపట్టున ఉండటం మొదలెట్టాకే ఆ చూపులు వీపుకి గుచ్చుకోవడం మొదలైంది. టీలో చక్కెరకి బదులు ఉప్పు వేసుకుని ఉమ్మేసిన సంగతి మర్నాడు క్షవరం చేసే అతను అడిగాడు. నడుం పట్టి మొక్కల మధ్య కూలబడితే, సాయంత్రానికి ముగ్గురు మూడు రకాల తైలాలు పట్టుకొచ్చారు.

దాంతో పోయిన వానల్లో ఆయన పంతం పట్టారు. పెరటి వెనక దడి పొడుగునా కంచె మొక్కలు, మనిషి ఎత్తు పెరిగే రకం తెచ్చి, డిపోలో బస్సులు నిలబెట్టినట్టు వరసగా నాటడానికి గుంతలు తవ్వారు. మూలన ఓ అంజూర చెట్టు అడ్డొచ్చింది. ఆవిడ నాటిందే. పన్నెండేళ్ళలో ఒక్క కాయ కాసిన పాపాన పోలేదు. కాయని చెట్టుకి నీళ్ళు దండగ అనుకుని గునపం ఎత్తారు.

టైలరమ్మ మిషన్ వదిలేసి దడి దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"అన్నయ్యగారూ, అది పీకకండి! అది వదిన చెట్టు! ఒక్క నిమిషం ఆగండి, ఆ చెట్టు..."

"మా పెరడు, మా ఆవిడ నాటిన చెట్టు. మధ్యలో మీకెందుకమ్మా? మీ కళ్ళు మీ మిషన్ మీద పెట్టుకోండి!"

టైలరమ్మ నోరు మూతపడింది. ఆ నోరు మూతపడటం ఆ ఊరి చరిత్రలో అదే మొదటిసారి. ఆ తర్వాత ఆమె ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. కంచె ఏపుగా పెరిగి కిటికీని మింగేసింది. పీడ విరగడైందని డ్రైవరుగారు సంబరపడ్డారు. అవతలి నుంచి మిషన్ చప్పుడు తప్ప ఇంకేమీ వచ్చేది కాదు.

ఆదివారం తెల్లవారగానే పన్నెండో రొట్టెకి పిండి కలిపి, గిన్నె మీద గుడ్డ కప్పి, ఆయన పెరట్లోకొచ్చారు. పదింటికల్లా పిల్ల వచ్చేస్తుంది. ఒక్కో మొక్క దగ్గరా ఆగి ఆకు తుంచడం, వాసన చూడటం, పారేయడం. నిన్నటిదాకా రొట్టె మీదున్న కోపం ఇవాళ సరాసరి పోయిన మనిషి మీదికి మళ్ళింది. "ఏ ఆకులో ఒక్క ముక్క రాసి చావొచ్చుగా!" అని పైకే అనేశారు. అనేశాక నాలుక కరుచుకున్నారు. నిజానికి ఆవిడ చెప్పకపోవడం కాదు, ఆయన అడక్కపోవడం. ఇన్నేళ్ళూ ఆ రొట్టె తిని, మూతి తుడుచుకుని, డ్యూటీకి వెళ్ళిపోయారు. ఇదెలా చేస్తావే అని ఒక్కనాడూ అడగలేదు.

సరిగ్గా అప్పుడే కంచె అవతల మిషన్ టకటకమంది. టకటకమని, ఆగింది. మళ్ళీ టకటకమంది.

బాబిన్లు.

ఆయన కంచె వైపు రెండంగలు వేసి ఆగిపోయారు. పిల్లి కూడా దూరకుండా నాటింది తనేగా! పుస్తకం చంకలో పెట్టుకుని వీధి మొత్తం చుట్టి వెళ్ళాల్సొచ్చింది. "పొద్దున్నే ఎక్కడికి డ్రైవరుగారూ?" అని ముగ్గురు అడిగారు. "నా కర్మకి!" అని ముగ్గురికీ ఒకటే జవాబు చెప్పారు.

టైలరమ్మ తలెత్తలేదు.

"ఏం కావాలి అన్నయ్యగారూ? నా కళ్ళు మిషన్ మీదే ఉన్నాయి."

పడాల్సిందే, అనుకున్నారాయన. పుస్తకం తెరిచి మిషన్ మీద పెట్టారు. ఆమె చదివింది. కళ్ళజోడు తీసి పైటతో తుడుచుకుంది.

"వదిన రాతే" అంది.

"బాబిన్లేంటమ్మా?"

"మీ ఓవెన్ని నమ్మడానికి లేదుగా. వదిన గడియారం చూస్తే తోటపని సాగదనేది. రొట్టె డబ్బా ఓవెన్లో పెట్టి, గుమ్మంలోకొచ్చి చెయ్యెత్తేది. నేను నిండు బాబిన్ వేసుకుని కుట్టడం మొదలెట్టేదాన్ని. ఒకటి అయిపోగానే కేకేస్తే మంట తగ్గించేది. రెండోది అయిపోగానే మళ్ళీ కేకేస్తే తీసేసేది. పదేళ్ళు ఒక్క రొట్టె మాడలేదు."

"అందుకా మీరు అస్తమానం మా పెరట్లోకి చూసేది?"

"అబద్ధం ఎందుకు చెప్పాలి? అందుక్కూడా చూశాను. ఊరికే కూడా చూశాను. నాకు చూడటం అలవాటు."

డ్రైవరుగారికి కోపం రావాల్సిన చోటే. ఎందుకో రాలేదు. "మరి ఆకులు?" అన్నారు.

టైలరమ్మ పుస్తకం మూసింది. "ఆ రోజు అదే చెప్పబోయాను" అంది మెల్లగా. "అంజూర ఆకులు. డబ్బా అడుగున పరిచి, వాటి మీద పిండి పెట్టేది. కాలాక ఆకులు వలిచేసేది. అందుకే మీకెప్పుడూ కనపడలేదు. ఆ చెట్టు కాయల కోసం వేసింది కాదు."

ఆయన అక్కడే గుమ్మం మీద కూర్చుండిపోయారు. ఎవరో వచ్చి పీకిన చెట్టు కాదది. తన చేతులతో తనే, వేళ్ళతో సహా తవ్వి, వీధి చివర కుప్పలో పారేసి, చేతులు దులుపుకుని వచ్చారు. వద్దని చెప్పిన మనిషిని కసిరి మరీ.

"మూడు వారాల్నుంచి మాడు వాసన మీక్కూడా వస్తూనే ఉంటుంది కదమ్మా. ఒక్క మాట చెప్పకూడదూ?"

"అడిగితేగా" అంది టైలరమ్మ. అని, లేచింది. "రండి."

కంచెకి అవతలి వైపు, అంటే ఆయన ఏడు నెలలుగా చూడని వైపు, చిల్లుపడ్డ బకెట్లో మోకాలెత్తు అంజూర మొక్క ఉంది.

"మీరు పారేసిన కుప్పలోంచి ఓ కొమ్మ తెచ్చి గుచ్చాను. అడక్కుండా తెచ్చుకున్నాను. తప్పయితే అనండి."

ఆయన ఆకులు లెక్కపెట్టారు. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టారు. ఏడు.

"ఆరు కోసుకోండి. ఒకటి ఉంచండి, అది బతకాలిగా" అంది టైలరమ్మ.

ఆకులు పరిచి, పిండి సర్ది, డబ్బా ఓవెన్లో పెట్టి, డ్రైవరుగారు పెరటి గుమ్మంలోకొచ్చి చెయ్యెత్తారు. అవతల చప్పుడు లేదు. చెయ్యి ఇంకా పైకెత్తారు. ఎదురుగా కంచె, మనిషెత్తున, దట్టంగా, ఆయన కోరుకున్నట్టే. తనని తాను తిట్టుకుంటూ తోట కత్తెర తెచ్చి, వచ్చిన కోపమంతా ఆ కొమ్మల మీదే తీర్చుకున్నారు. ఒక్క నిమిషంలో కంచెకి బొక్క పడింది. అందులోంచి కిటికీ, కిటికీలో కళ్ళజోడు. ఆయన మళ్ళీ చెయ్యెత్తారు. కళ్ళజోడు కిందికి వంగింది. టకటక మొదలైంది.

మొదటి కేక వచ్చింది. ఆయన మంట తగ్గించారు. అంతలోనే గేటు చప్పుడైంది. కూతురు ముక్కుకి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, అల్లుడి భుజం పట్టుకుని లోపలికొచ్చింది. చెంపలు లోపలికి పోయాయి. ఈ మధ్య ఏ వంటింటి వాసన తగిలినా వాంతే అన్నాడు అల్లుడు భయంగా. పిల్ల వంటింటి గుమ్మం దగ్గర ఆగింది. తర్వాత చేతిగుడ్డ మెల్లగా కిందికి దింపింది. డ్రైవరుగారు అటు చూడలేక ఓవెన్ వైపు తిరిగి నిలబడ్డారు.

"అన్నయ్యగారూ! రెండోది అయిపోయింది, తీయండి!"

వేడి తగ్గేదాకా ఆగమన్నా కూతురు ఆగలేదు. ఒక ముక్క తింది. అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఏమీ కాలేదు. రెండోది తింది. అల్లుడు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు తుడుచుకున్నాడు.

"కంచెకి ఏమైంది నాన్నా, గొర్రెలు మేశాయా?" అంది పిల్ల, నోట్లో మూడోది పెట్టుకుని.

"నేనే కొట్టాను. రొట్టె తిను" అన్నారాయన.

సాయంత్రం పాలు పోయడానికొచ్చిన ఆయన గేటు దగ్గరే మొదలెట్టాడు. "అమ్మాయిగారు మూడు ముక్కలు తిన్నారంట కదా, ఊరంతా చెప్పుకుంటున్నారు!"

"మూడేంటి? నాలుగు!" డ్రైవరుగారు కసురుకున్నారు. "టైలరమ్మకి సరిగ్గా కనపడలేదేమో. రేపు ఇంకో రెండు కొమ్మలు కొట్టేస్తాను."