సోములు ముక్కు

నేను ఒక బిరడా తీసే మరను. హోటళ్ళలో నన్ను కార్క్‌స్క్రూ అంటారు. కొయ్య పిడి, ఉక్కు ఒళ్ళు, ఐదు మెలికలు. ఎక్కడో మంచుదేశపు కార్ఖానాలో పుట్టి, ఒక సరుకుల ఓడ వంటవాడి జేబులో విశాఖపట్నం రేవుకి చేరాను. అతగాడు బీచి రోడ్డులోని ఒక హోటల్లో నన్ను మరిచిపోయాడు. ఆ హోటలు మేనేజరు ఏడాదిపాటు నాతో గోళ్ళలో మట్టి తీసుకున్నాడు. ఆ అవమానం చెప్పుకుంటే సిగ్గుచేటు. చివరికి సోములు చేతిలో పడి మనిషినయ్యాను.

సోములు అక్కడ వడ్డన చూసే స్టువర్డు. జాలరిపేటవాడు. తల్లికిచ్చిన మాట ప్రకారం వైన్ చుక్క నోట పెట్టి ఎరగడు. కానీ నేను లాగిన బిరడాని ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, సీసాలో సరుకు మంచిదో చెడిందో చెప్పేసేవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఏ కూరకి ఏ వైన్ నప్పుతుందో కూడా ఆ ముక్కే తేల్చేది.

"చలిచోట్ల ద్రాక్ష నిదానంగా పండుతాదండి, పులుపు చావదు. మన చింతపండు కూరలకి అదే జోడీ. తియ్యటి వైన్ పోసుకుంటే పులుసు ముందర తేలిపోతాదండి," అని అతిథులకి చెప్పేవాడు.

ఊళ్ళో ఎక్కడ తినాలని అడిగినవాళ్ళకి చీటీ రాసిచ్చేవాడు. రేవు దగ్గర పీతల ఇగురు ఎవరిది బాగుంటుంది, మార్కెట్టు వెనక సందులో కోడిపలావు ఎన్ని గంటలకి దించుతారు, అన్నీ అందులో ఉండేవి. జాలరిపేటలో తన భార్య పోలమ్మ నడిపే మెస్సు పేరు మాత్రం ఎన్నడూ రాయలేదు. "సొంతింటి పులుసుని నేనే పొగుడుకుంటే ఏం బాగుంటాది?" అనేవాడు.

ఒక వానాకాలం అతనికి జ్వరం తగిలింది. పది రోజులకి తగ్గింది గానీ, పోతూపోతూ వాసనని వెంట తీసుకుపోయింది. ఆ సంగతి సోములు ఎవరికీ చెప్పలేదు, పోలమ్మకి కూడా. ఇంట్లో పులుసు కలుపుకుని "బాగుందే" అనేవాడు. హోటల్లో బిరడాని ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక క్షణం కళ్ళు మూసుకుని, తల ఊపేవాడు. జనానికి ఆ తల ఊపుడే చాలింది. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ముక్కు పోయిందని తెలిస్తే ఆ ఉద్యోగంలో అతనికి ఇంకేం మిగులుతుంది?

నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం వింధ్యావళి గారు తల్లినీ, ఇద్దరు స్నేహితుల్నీ వెంటబెట్టుకుని వచ్చారు. ఊళ్ళో ఎక్కడేది తినాలో ప్రతి ఆదివారం పత్రికలో రాసే మనిషి ఆవిడ. చింతచిగురు రొయ్యలు తెప్పించుకుని, దానికి తోడు సోములు ఎంచిన చలికొండల తెల్ల వైన్ తెమ్మన్నారు.

బిరడాలోకి దిగుతుండగానే నాకు తెలిసిపోయింది. వానకి తడిసి మూలపడ్డ గోనెసంచి కంపు! నాకు నోరుంటే అరిచేదాన్ని. సోములు బిరడా వాసన చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. తల ఊపాడు. గ్లాసులు నింపాడు.

వింధ్యావళి గారు ఒక గుక్క తాగి కాస్త ఆగారు. సోములు ముఖంలోకి చూసి, తన నాలుకదే తప్పనుకున్నట్టు ఇంకో గుక్క తాగారు. స్నేహితులు ఆవిడ ముఖంలోకి చూసి "చాలా బాగుంది" అన్నారు. ఆవిడ కాగితం తీసి రాసుకోవడం కూడా మొదలుపెట్టారు. వైన్ ముట్టని ముసలావిడ మాత్రం కూతురి గ్లాసు మీదికి వంగి ముక్కు మూసుకుంది.

"ఇదేం కంపే! తడిసిన గోనెసంచిలా ఉంది."

"అమ్మా, నీకేం తెలుసు? సోములు గారు చూసే పోశారు కదా. పరువు తీయకు," అని కూతురు కసిరింది. ముసలావిడ చిన్నబుచ్చుకుని తలదించుకుంది.

సోములు బతికిపోయాడనుకున్నాను. కానీ అతను ముసలావిడ వైపు చూసి, పోసిన గ్లాసులన్నీ వెనక్కి తీసుకున్నాడు.

"పెద్దమ్మగారు చెప్పిందే నిజమై ఉంటాదండి," అన్నాడు. "నాకు నాలుగు నెల్లుగా వాసన తెలవటం లేదు. ఊరికే తల ఊపుతున్నానండి."

హోటలువాళ్ళు మంచివాళ్ళే, సామాన్లు మోసే చోట పని ఇస్తామన్నారు. సోములు దండం పెట్టి వచ్చేశాడు. నన్ను అడిగి తెచ్చుకున్నాడు. ఆ చెడ్డ బిరడా ఇంకా నా మెలికల్లోనే ఉంది.

సంగతి విన్న పోలమ్మ, "నా పులుసు కూడా ఊరికే పొగిడినావేటి ఇన్నాల్లూ?" అని ఒక పూటంతా అలిగింది. మర్నాడు తనే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. రోజూ ఘాటైన వస్తువులు వాసన చూడమన్నాడు డాక్టరు. రావచ్చు, రాకపోవచ్చునట. లవంగం, ఇంగువ, నిమ్మతొక్క పోలమ్మ మూడు డబ్బాల్లో పెట్టింది. నాలుగోదిగా సోములు నన్నూ, నా బిరడానీ మూత బిగువైన స్టీలు డబ్బాలో పెట్టాడు.

వింధ్యావళి గారు ఆ ఆదివారం హోటలు గురించి రాయలేదు, సోములుని వెతుక్కుంటూ జాలరిపేట వచ్చి తిన్న పోలమ్మ మెస్సు గురించి రాశారు. జనం వరస కట్టారు. ఆ పులుసు ఘుమఘుమల మధ్య సోములు ఇస్తరాకులు వేసేవాడు, ఏమీ అందని ముఖంతో. తొమ్మిది నెలలపాటు పొద్దున్నే నాలుగు డబ్బాలూ తెరిచాడు, మూశాడు.

నిన్న పొద్దున లవంగం చూశాడు. ఇంగువ చూశాడు. నిమ్మతొక్క చూశాడు. నా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, అలాగే ఉండిపోయాడు.

"పోలీ! కంపు... గోనెసంచి కంపే!"

పోలమ్మ గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. డబ్బాలోకి వంగి "ఛీ!" అని ముక్కు మూసుకుంది. మొగుడి కళ్ళలో నీళ్ళు చూశాక ఆ చెయ్యి తీసేసి, నన్ను అందుకుని అతని ముక్కుకి ఆనించింది.

"ఏదీ, మల్లీ సూడు," అంది.