బావిలో కూర్చోబెట్టిన పిల్ల

బెంగళూరు మారతహళ్ళిలోని ఒక అపార్ట్‌మెంటులో తెలుగు కుటుంబాలవారు 2004 ఉగాదికి పిల్లలచేత నాటకం ఆడించాలని నిశ్చయించారు. ఎంచుకున్నది ఒక పాత జానపద హాస్యచిత్రంలోని ఘట్టం. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగినదని పేరుపడ్డ సినిమా అది. అందులో ఒక నల్లని దాసి ఉంటుంది. ఆమె ఎదురైతే చాలు, భటులు జడుసుకుని పరుగెత్తుతారు; ప్రేక్షకులు విరగబడి నవ్వుతారు. చివరకు ఆమె మాయబావిలో మునిగి తెల్లని సుందరిగా తేలుతుంది, రాకుమారుడు వెంటనే చేయి అందిస్తాడు. తాతలూ తండ్రులూ పిల్లలూ ఆ దృశ్యం చూసి నవ్వారు. ఎవరిని చూసి నవ్వుతున్నామో ఒక్కరైనా ఆలోచించారా?

దాసి వేషం రత్నమ్మ మనుమరాలు చిన్నికి వచ్చింది. తొమ్మిదేళ్ళ ఆ పిల్ల దాసి మాటలతోపాటు, బావిలోంచి లేచాక సుందరి పలికే మాటలు కూడా కంఠస్థం చేసింది. రత్నమ్మ తన పట్టుచీర కత్తిరించి సుందరిగా లేచే మనుమరాలికి పరికిణీ కుట్టింది. దాన్ని చేతబట్టుకునే ఆమె కింద పార్కింగులో జరుగుతున్న రిహార్సల్‌కు వెళ్ళింది.

నాటకం నడిపేది మల్లికార్జున్, సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. "ఈ పాపకి మేకప్ కూడా అక్కర్లేదు, ఫుల్ నాచురల్!" అన్నాడు. అందరూ నవ్వారు. ఎందుకో తెలియక చిన్నీ నవ్వింది.

చిన్ని అట్టబావిలోకి దూకింది. అందులో ముందే దాక్కున్న మల్లికార్జున్ కూతురు శ్రీజ మెరిసే దుస్తుల్లో పైకి లేచి సుందరి మాటలు చెప్పింది. చప్పట్లు మోగాయి. చిన్ని మాత్రం బయటికి రాలేదు.

"ఏమప్పా, మా చిన్ని ఎప్పుడు లేస్తాది?" అని రత్నమ్మ మల్లికార్జున్‌ను అడిగింది.

"లేవదు అమ్మగారూ. ఆ క్యారెక్టర్ అక్కడితో ఓవర్. కర్టెన్ పడేదాకా సైలెంట్‌గా కూర్చుంటే చాలు."

"మునిగింది మా పిల్ల, తేలింది మీ పిల్ల. అంటే మాది సచ్చిపోయినట్టా?"

"అయ్యో, కామెడీని కామెడీగా తీసుకోవాలండీ! ఇష్టం లేకపోతే చెప్పండి, వేరే పాపను చూసుకుంటాం."

"ఎట్లాంటి పాపని? ఇంకొక నల్లదాన్నేనా?"

మల్లికార్జున్ ఫోన్ చూసుకోసాగాడు.

లిఫ్టులో చిన్ని అవ్వ కొంగు పట్టుకుంది. "అవ్వా, గొడవ పడొద్దు. నన్ను తీసేస్తారు. నేను బావిలోనే కూచుంటాలే."

మల్లికార్జున్ మాటకన్నా ఈ మాటే రత్నమ్మను ఎక్కువ కోసింది. తనకు దక్కే చోటు అంతేనని ఆ పసిపిల్ల అప్పుడే ఒప్పేసుకుంది.

ఉగాది నాడు హాలు నిండింది. చిన్ని దూకింది, శ్రీజ లేచింది, చప్పట్లు మోగాయి. రత్నమ్మ ముందు వరుసలోంచి లేచి తిన్నగా వేదిక ఎక్కి, బావిలోకి చేయి చాచింది.

"లెయ్యి చిన్నీ."

"అంకుల్ తిడతాడవ్వా."

"తిట్టనీ. నేనుండా కదా."

"కూర్చోండమ్మా! పిల్లల ప్రోగ్రాం పాడుచేస్తారా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. శ్రీజ ఒక పక్కకు జరిగి చోటిచ్చింది. చిన్ని లేచి నిలబడి, సుందరి మాట పలికింది: "ఈ రాజ్యానికి రాణిని నేనే." హాలంతా ఘొల్లున నవ్వింది.

అసోసియేషన్ అధ్యక్షుడు నారాయణప్ప వేదిక దగ్గరికి వచ్చాడు. "పాత సినిమా, పిల్లల నాటకం. పండగ పూట ఇంత కోపమెందుకు రత్నమ్మా?"

రత్నమ్మ మనుమరాలి చేయి వదలకుండా సభవైపు తిరిగింది.

"ఇప్పుడు నవ్వినారే, ఆ నవ్వు మీకు నేర్పింది ఆ పాత సినిమానే. దాన్నే ఈ పొద్దు పిల్లలకి నేర్పిస్తా ఉండారు. వినండప్పా: ఒక పిల్లని దాని రంగుతోనే నిలబెట్టి గౌరవించలేని కథ, ఎంత నవ్వించేదైనా సరే, ఇంటిల్లిపాదికీ చూపించే కథ కాదు."