అద్దం తీసిన పటం

నిఖిల కట్టిన ఇంటిని ఒక్కసారి చూడాలని వసుంధర అడిగింది. అమ్మాయి పోయిన తరువాత ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

నిఖిల మా ఒక్కగానొక్క కూతురు. సింగపూర్ హౌగాంగ్‌లోని మా ఫ్లాట్ హాల్లో, కళ్ల ముందు వేరే లోకం చూపించే వీఆర్ కళ్లద్దాలు పెట్టుకుని, గాలిలో చేతులు కదుపుతూ ఒక ఆటలో ఇల్లు కట్టేది. గోడ తరువాత గోడ, కిటికీ తరువాత కిటికీ. "అమ్మా, ఒక్కసారి పెట్టుకుని చూడవే" అనేది. వసుంధరకు కళ్లు తిరుగుతాయని భయం. మొత్తం అయ్యాక చూస్తానంది. ఇల్లు పూర్తయింది. ఫిబ్రవరిలో నిఖిల జ్వరంతో ఆసుపత్రికి వెళ్లింది, తిరిగి రాలేదు.

నేను నిఖిల కంప్యూటర్ తెరిచాను. అందులో ఉన్నది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. ఎవరైనా ఉచితంగా తీసుకుని, లోపల ఏముందో చూసి, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. నిఖిలకు అదే కావాలి. తెరవగానే అప్‌డేట్లు చేయమంటారా అని అడిగింది. సరేనన్నాను. ఆ తరువాత కళ్లద్దాలు వెలగలేదు.

కింది అంతస్తులో ఉండే శశికాంత్‌ను పిలిచాను. అతను రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ చూస్తాడు. అతని కూతురు శనివారాలు నా తెలుగు తరగతికి వస్తుంది. ఆదివారం పొద్దున్నే వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"సార్, మొత్తం అప్‌డేట్ కొట్టిన్రా?"

"అడిగింది కదా అని..."

"అడుగుతది సార్, దానికేం పని? నా బిడ్డ గూడ రోజూ 'ఐస్‌క్రీమ్ వాంట్ లా' అని అడుగుతది. అన్నిటికి సరే అంటమా?"

వసుంధర కాఫీ ఇచ్చి గోడవారగా నిలబడింది. నవ్వలేదు.

శశికాంత్ నల్లటి తెర మీద చాలాసేపు ఏవో వరుసలు కొట్టాడు. బొమ్మ చూపే గ్రాఫిక్స్ కార్డును నడిపించే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, కొత్తది వచ్చిందని, దానికి, ఈ కళ్లద్దాలకు పొసగడం లేదన్నాడు. దాన్ని తీసేసి పాతది పెట్టాడు. కళ్లద్దాలను ముట్టుకునే అనుమతి కూడా కంప్యూటర్‌కు మళ్లీ ఇవ్వవలసి వచ్చింది. చివరికి వాటి మీద పచ్చ దీపం వెలిగింది.

హాల్లో పైన ఎదురెదురు మూలల్లో నిఖిల బిగించిన నల్ల డబ్బాలు రెండున్నాయి. అతను వాటిని చూపించాడు.

"కంటికి కనవడని లైటు కొడతయి సార్ ఇవి. దాన్ని పట్టుకునే కళ్లద్దాలకు తామెక్కడున్నయో తెలుస్తది. అక్క పెట్టుకున్నంక మధ్యలకెళ్లి ఎవ్వరు నడవొద్దు. నడిస్తే బొమ్మ పోతది."

వసుంధర కళ్లద్దాలు పెట్టుకుంది. మరుక్షణం చేతులు చాచి కింద కూర్చుండిపోయింది.

"పడవలో ఉన్నట్టుందండీ. అంతా ఊగిపోతోంది."

శశికాంత్ తాను పెట్టుకుని చూశాడు. ఊగుతోంది. మెరిసేది ఏదున్నా ఇంతేనని టీవీ మీద దుప్పటి కప్పించాడు, కిటికీలకు తెరలు లాగించాడు. అయినా ఊగుతూనే ఉంది.

"పాప ఆడినప్పుడు హాలు గిట్లనే ఉండెనా అక్కా? కొత్తగ ఏమన్న పెట్టిన్రా?"

 అతనే తల తిప్పి చూశాడు. తూర్పు గోడ మీద నిఖిల పటం, దానికి గంధపు దండ. కింద చిన్న అలమరలో దీపం. ఆ దీపం ఆరకుండా వసుంధర వేళకు నూనె పోస్తూ ఉంటుంది. శశికాంత్ గబగబా కంప్యూటర్ వైపు తిరిగి, అవసరం లేని మీటలేవో నొక్కాడు.

"చెప్పు శశీ" అన్నాను.

"పటం అద్దం సార్. లైటు దానికి తాకి వాపసొస్తున్నది. జరసేపు బెడ్రూంల పెడదామా?"

"దాన్ని లోపల పెట్టి, మనం ఇక్కడ దాని ఇల్లు చూస్తామా?" అంది వసుంధర.

"పోనీ తియ్యొద్దు అక్కా. టవల్ కప్పుదాం."

"మొహం మీద గుడ్డ వద్దు."

ఆసుపత్రిలో కప్పిన గుడ్డను ఆమె రెండుసార్లు తొలగించింది. మూడోసారి నేను చేయి పట్టుకున్నాను.

శశికాంత్ వైర్లు చుట్టసాగాడు. "వేరే ఉపాయం ఆలోచిస్త అక్కా. వచ్చే వారం చూద్దాం."

వసుంధర వంటింట్లోకి వెళ్లి చాకు తెచ్చింది. పటం దించి ఒళ్లో బోర్లా పెట్టుకుంది. వెనకాల మేకులు ఒక్కొక్కటే వంచి, అట్ట తీసి, అద్దం బయటికి లాగి నా చేతికిచ్చింది. ఫొటో చెంప మీద ఒకసారి వేలు పెట్టి, మరక పడుతుందేమోనని వెంటనే తీసేసింది. మళ్లీ అన్నీ బిగించి, పటం తగిలించి, దండ వేసింది.

"పెట్టు శశీ."

ఈసారి ఊగలేదు. వసుంధర హాలు మధ్యలో నిలబడి మెల్లగా తల తిప్పింది.

"మన ఇల్లేనండీ" అంది. "ఈ హాలే. మీ కుర్చీ కూడా ఉంది. దాని విరిగిన చెయ్యి అలాగే పెట్టింది."

నేను ఏదో మేడ కట్టి ఉంటుందనుకున్నాను. ఆమె చూసేది కంప్యూటర్ తెర మీద కూడా కనబడుతుందని శశికాంత్ సైగ చేశాడు. నేను చూడలేదు.

ఆమె తూర్పు గోడ వైపు తిరిగింది. పటానికి ఎదురుగా, ఒక అడుగు దూరంలో ఆగింది.

"ఇక్కడ గోడ మీద ఏమీ లేదండీ."

కళ్లద్దాలను రెండు చేతులతో సర్దుకుంది.

"కాసేపు ఉంటాను" అంది.

"ఉండు."

శశికాంత్ గోడ వెంట నడుచుకుంటూ బయటికి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు. నేను అద్దం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఈ హడావిడిలో పొద్దున దీపంలో నూనె పోయలేదని అప్పుడు చూశాను. నూనె సీసా నా వెనకాలే ఉంది. దీపం దగ్గరికి వెళ్లాలంటే హాలు మధ్యగా దాటాలి, దాటితే ఆమెకు బొమ్మ పోతుంది.

వత్తి ఎర్రబడింది. కాసేపు చిటపటలాడి, దీపం కొండెక్కింది. ఆ వాసన వసుంధరకు తెలిసే ఉంటుంది. ఆమె కళ్లద్దాలు తీయలేదు.