సురో మాసపు స్నానం

ఆ కత్తిని వట్టి పేరుతో పిలవకూడదని దేవకుమార్‌కు మొదటిరోజే చెప్పారు. ముందు "క్యాయి" అని చేర్చాలి. మనం "అయ్యవారు" అన్నట్లు. జావా ద్వీపంలోని ఒక రాజప్రాసాదం నుంచి వాషింగ్టన్ మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చిన వంపుల కత్తి అది. పేరు క్యాయి సెకర్ మేగ. దానికి తోడుగా హర్జో అనే డెబ్బై ఏళ్ల ప్రాసాద సేవకుడూ వచ్చాడు. ఏటా జావా పంచాంగంలో మొదటిదైన సురో మాసంలో ఆ కత్తికి స్నానం చేయించడం మూడు తరాలుగా వాళ్లింటి పని.

జావావాళ్లు ఏడు రోజుల వారాన్నీ అయిదు రోజుల సంతవారాన్నీ కలిపి మంచిరోజు గుణిస్తారు. 1984లో సురో మాసం మొత్తానికి అటువంటి రోజు ఒక్కటే పడింది: అక్టోబరు అయిదు, శుక్రవారం. వాళ్ల లెక్కలో పొద్దు కుంకితే రోజు మారిపోతుంది. ఆ సాయంత్రం పొద్దు కుంకేది ఆరూ నలభై అయిదుకు.

"డచ్చివాళ్లు రాజ్యాన్ని రెండు చెక్కలు చేసిన ఏడు కూడా ఈ స్నానం తప్పలేదు. జపాను సైన్యం వచ్చిన ఏడూ తప్పలేదు. నా చేతిలో తప్పితే ఇక నేను ప్రాసాదం గుమ్మం తొక్కలేను," అన్నాడు హర్జో. ప్రాసాదం చూడవచ్చే యాత్రికులకు అన్నీ వివరించి చెప్పీ చెప్పీ నేర్చుకున్న ఇంగ్లీషు అతనిది.

మ్యూజియం ప్రయోగశాలలో రసాయనవేత్త అయిన దేవకుమార్ తన పూచీ మీద డైరెక్టర్ దగ్గర అనుమతి సంపాదించాడు. స్నానమంటే ముందు నిమ్మరసంతో కడగడం, ఆ తర్వాత అదే రసంలో కరిగించిన పాషాణంలో, అంటే ఆర్సెనిక్‌లో, ముంచడం. ఇనుము నల్లబడుతుంది, నికెల్ తెల్లగా మిగులుతుంది, పొరల మధ్య నగిషీ తేలుతుంది. ఈ రసాయనశాస్త్రం అతనికి నచ్చింది. అగరుపొగనూ, పూలనూ, చెక్కతొట్టి తప్ప మరే తొట్టీ వాడరాదన్న నియమాన్నీ మాత్రం పెద్దల ముచ్చట్లనుకుని ఊరుకున్నాడు.

చెక్కతొట్టి విమానాశ్రయంలోనే ఆగిపోయింది. పురుగు తొలిచిన బెజ్జాలు చూసి తనిఖీవాళ్లు పట్టుకున్నారు. అయిదు గంటలకు దేవకుమార్ భార్య లూసీ షాంటిలీలోని ఇంటి నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, నిమ్మకాయల సంచీనీ తళతళలాడే రేకుతొట్టినీ దించింది.

"వుడ్‌ది ఎక్కడా దొరకలేదండీ. హార్డ్‌వేర్ షాప్‌లో ఇదే ఉంది. అయినా కత్తికి బాప్తిస్మమిస్తున్నారని తెలిస్తే పాస్టరుగారు ఏమంటారో!"

"మనకిచ్చిన బాప్తిస్మం కంటే దీనికే రిజల్ట్ త్వరగా కనపడుతుంది లే," అన్నాడు దేవకుమార్.

హర్జో తొట్టి చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇది లోహం."

"తొట్టి తొట్టే కదా, హర్జోగారూ. టైమ్ లేదు."

ముసలాయన తల వంచాడు. అగరుపొగ గ్యాలరీల్లోకి పోకుండా దేవకుమార్ వెంటిలేషన్ ఫ్యాన్‌ను ఆపి, తలుపు మూసి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. లూసీ చూస్తానని గోడవార నిలబడింది.

హర్జో తొట్టిలో నిమ్మరసం పోశాడు. కత్తిని ఒరలోంచి తీసి, నుదుటికి ఆనించుకుని, రసంలో కడిగి గుడ్డమీద పెట్టాడు. తర్వాత పాషాణం సీసా మూత తిప్పసాగాడు.

కత్తి తీసేసిన తర్వాత కూడా తొట్టి గోడల వెంట సన్నని బుడగలు లేస్తూనే ఉన్నాయి.

దేవకుమార్ వంగి చూశాడు. రేకు మీద జింకు పూత. జింకు మీద ఆమ్లం. ఇక పడబోయేది ఆర్సెనిక్. బందరు కాలేజీలో బీయస్సీ చదివేనాడు, విషం జాడ పట్టే పరీక్షకు మేష్టారు ఈ మూడింటినే కలిపించారు. చిటికెడంత, అదీ కిటికీలన్నీ తెరిపించి. పుట్టే వాయువు మనిషి నెత్తురునే విరిచేస్తుంది.

"పోయొద్దు!"

సీసా అప్పటికే ఒరిగింది. దేవకుమార్ హర్జో మణికట్టును ఒడిసి పట్టుకున్నాడు. ఒక్క చుక్క సీసా అంచున వేలాడి, జారి, అతని రబ్బరు తొడుగు మీద పడింది.

"లూసీ, బయటికి పో! డోర్ తీసిపెట్టు!"

"ఏమైందండీ?"

"వెళ్లమన్నానా!"

సీసాకు మూత బిగించి, ఫ్యాన్ వేసేదాకా అతను ఊపిరి పీల్చలేదు. నడవాలోకి వచ్చాక అంతా చెప్పాడు. హర్జో నిదానంగా విన్నాడు.

"మీ పెద్దలకు ఇది తెలుసా? అందుకేనా చెక్క అన్నది?"

"ఏమో. మా నాన్న చెక్కే వాడాడు. నేనూ వాడాను. ఎందుకని అడగలేదు."

ఆ జవాబులోని నిజాయితీ దేవకుమార్‌కు నచ్చింది. గడియారం అయిదూ యాభై చూపిస్తోంది.

"ఎవ్వరికీ ఏం కాలేదుగా. మీ డైరెక్టర్‌కి చెప్పకండి, గాజు ట్రేలో కానిచ్చేయండి. చెప్తే క్యాన్సిల్ చేసేస్తారు. పాపం, ముసలాయన ఏమైపోతాడు?" అంది లూసీ.

అనుమతి కాగితంలో పాత్ర అన్న గడిలో "చెక్కతొట్టి" కొట్టేసి, ఇందాక "రేకుతొట్టి" అని రాసి సంతకం చేసింది తానే. దాచిపెడితే, రేపు మరొకరు ఆ కాగితమే చూసి మళ్లీ అదే తొట్టి తెస్తారు. దేవకుమార్ ఫోన్ తీశాడు.

డైరెక్టర్ అంతా విని, విషవాయువుల్ని పైకి లాగేసే గాజు అరలోనే జరగాలనీ, అందులో సిబ్బంది చేతులు తప్ప మరొకరివి పెట్టరాదనీ, ఆరున్నరకు ముగియాలనీ చెప్పింది.

"అంటే మీ చేతులు," అన్నాడు హర్జో.

"నావే. మీరు చెప్పండి, నేను చేస్తాను. గాజు ఫరవాలేదా?"

"మాకు అప్పగించిన మాట చెక్క. దాన్ని నేను మార్చలేను, ఈరోజును దాటించనూలేను." ముసలాయన కళ్లు మూసుకుని తెరిచాడు. "పాపం నా మీద వేసుకుంటాను. తేండి."

ఆరూ పదికి గాజు అరలో నిమ్మరసం, పాషాణం కలిపిన గాజుపళ్లెం సిద్ధమైంది. దేవకుమార్ కత్తి అందుకున్నాడు. పిడి అతని వేళ్లలో వణికింది. ఇందాకటి భయం చేతిని ఇంకా వదల్లేదు.

"నాకు నమ్మకం లేదు, హర్జోగారూ. మీకు ముందే చెప్పాలి."

"నమ్మకం మీరు అరువు తెచ్చుకోనక్కర్లేదు. చెయ్యి వణికితే మాత్రం మొన గాజుకు కొట్టుకుంటుంది. ఆగండి."

ఆగాడు. గడియారంలో నిమిషాల ముల్లు మూడు గీతలు దాటింది. నాలుగో గీత దగ్గర వేళ్లు నిలకడ పడ్డాయి.

"ఇప్పుడు," అన్నాడు హర్జో.

దేవకుమార్ క్షణకాలం ఆలోచించి, కత్తిని నుదుటిదాకా ఎత్తాడు. అది ఎవరికి పెట్టిన నమస్కారమో అతనికే స్పష్టంగా తెలియదు. చూస్తున్న ముసలాయనకు కావచ్చు. తర్వాత అయ్యవారిని మొన తగలకుండా మెల్లగా పళ్లెంలోకి దించాడు.