సత్యమ్మ చూసిన అద్దం

తాండూరులో బండల వ్యాపారం చేసే పాండురంగానికి తన కన్ను మీద మహా నమ్మకం. బండ ముఖం చూస్తే చాలు, అది ఏ గనిలోంచి వచ్చిందో చెప్పేస్తాననేవాడు. చెప్పేవాడు కూడా, ఎవరూ అడగకపోయినా. చాలాసార్లు తప్పే చెప్పాడు గాని, కొనేవాళ్లు మర్యాదకు నోరు మూసుకున్నారు. దాంతో ఆయన నమ్మకం ఇంకాస్త ముదిరింది.

ఆ తెలివితోనే తోడబుట్టిన అక్క సత్యమ్మను దూరం చేసుకున్నాడు. అది పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. కుల్కచర్లలో అక్క అత్తగారింట పెళ్లి. భోజనాలయ్యాక పందిట్లో చుట్టాలంతా కూర్చుంటే సత్యమ్మ తన చిన్నప్పటి ముచ్చటొకటి ఎత్తుకుంది. వికారాబాదులో రాజకుటుంబపు నవాబు ఒకాయన ఎండాకాలం గడపడానికి తోట వేయించాడు. తోట నడుమ బారాదరి, అంటే నాలుగు వైపులా వాకిళ్లున్న మంటపం. బేగం గారికి సీతాఫలాల గంప ఇచ్చి రావడానికి అమ్మ వెంట సత్యమ్మ లోపలికి పోయింది. అక్కడ వాకిళ్ల మీద బొమ్మల అద్దాలున్నాయి. ఒక అద్దంలో నల్లమబ్బు కింద ఉయ్యాల ఊగుతున్న ఆడమనిషి, ఆమె భుజం మీద చిలుక. రంగు ఇంకా తడి ఆరనట్టే మెరిసిందని సత్యమ్మ చేతులు తిప్పుతూ చెప్పింది.

పాండురంగం పట్నంలో మెట్రిక్ చదివినవాడు. ఊరుకుంటే చదువు వృథా పోతుందనుకున్నాడు కాబోలు.

"ఏమక్కా, నవాబు జనానాలకు మనోళ్లను రానిస్తరా? నువ్వు కలగన్నవు. నాకు మంచిగ యాదుంది, మనం గేటు కూడ దాటలె" అన్నాడు.

నిజమే, గేటు దగ్గర ఆపేశారు. కాని ఆపింది ఆయనను. ఆడవాళ్లుండే జనానాలోకి ఐదేళ్ల వాడైనా మగవాడు పోకూడదని చెప్పుల కాపలాకు నిలబెట్టి, అమ్మను, అక్కను లోపలికి పంపారు. ఆయనకు గేటు గుర్తుంది గాని, తానొక్కడే నిలబడ్డ సంగతి గుర్తులేదు.

సత్యమ్మ బావగారు హన్మయ్య పొలమారేదాకా నవ్వాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఎవరు కోతలు కోసినా "సత్యమ్మ అద్దం లెక్కనే ఉంది" అనడం అలవాటైంది. పిల్లలు కూడా అనేవాళ్లు. సత్యమ్మ తమ్ముడితో ఒకే మాట అన్నది. "నీ ఇంట్ల పచ్చి మంచినీళ్లు ముట్ట."

అన్నంత పనీ చేసింది. ఆడబిడ్డ రాకుండా జరగని శుభకార్యాలకు వచ్చేది, చేయాల్సింది చేసేది, వెంట తెచ్చుకున్న చెంబులోంచి నీళ్లు తాగి పోయేది. ఆ చెంబు కనపడ్డప్పుడల్లా పాండురంగం తింటున్న విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు. తప్పు తనదని మాత్రం అప్పటికింకా తోచలేదు.

ఇంతలో జాగీర్లు పోయాయి, కొన్నేళ్లకు నవాబు వారసులు తోటను హర్రాజు పెట్టారు. బారాదరి నేలకు పరిచిన బండలు అగ్గువకు దొరుకుతాయని పాండురంగం రైలెక్కి వికారాబాదు పోయాడు. మంటపంలో వంగి ఒక బండను వేలితో కొట్టి చూస్తూ, నడుము పట్టేస్తే లేచి తల ఎత్తాడు. వాకిలి మీద నల్లమబ్బు. ఉయ్యాల. ఆడమనిషి. భుజం మీద చిలుక. తడి ఆరనట్టే ఉంది.

"అక్క నిజమే చెప్పింది" అని పైకే అనేశాడు. పక్కనున్న మనిషి, ఈయన హర్రాజు పాట పాడాడనుకుని, తానూ ధర పెంచాడు. గేటు దగ్గర చెప్పుల ముందు తానొక్కడే నిలబడ్డ సంగతి గుర్తొచ్చి పాండురంగానికి ఒళ్లంతా సిగ్గు కమ్మింది.

మంచివాడైతే అక్కడి నుంచే బస్సెక్కి కుల్కచర్ల పోయి అక్క కాళ్లు పట్టుకునేవాడు. పాండురంగం వ్యాపారి. సరుకు చేతిలో లేకుండా మాట ఎత్తడు. తాండూరులో కట్టుకుంటున్న కొత్త ఇంటి హాలుకు ఈ అద్దాలు బిగించి, గృహప్రవేశం నాడు హన్మయ్యతో సహా అందరి ముందు అక్కకు చూపించి, క్షమాపణ కూడా పదిమంది మెచ్చుకునేలా చెప్పాలని అనుకున్నాడు. క్షమించమని అడగడంలో కూడా పెద్దమనిషి అనిపించుకోవాలి మరి. బండలు వదిలేసి నాలుగు అద్దాలు కొన్నాడు. వాటిని గోనెసంచుల్లో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని, ఎవరు పక్కకు జరిగినా కసురుకుంటూ ఇల్లు చేరాడు. కుల్కచర్లకు కబురు పంపాడు. "అక్క చెప్పిన అద్దం నా ఇంట్ల ఉన్నది. అందరు రాండ్రి. అక్కే పాలు పొంగియ్యాలె."

వస్తానని సత్యమ్మ తిరిగి కబురు చేసింది. చెంబు సంగతి ఏమీ చెప్పలేదు.

గృహప్రవేశానికి ముందు రోజు అద్దాలు బిగించడానికి విప్పితే, వాటి వెనక వైపు పాండురంగానికి నచ్చలేదు. మందంగా, తెల్లగా, గరుకుగా ఏదో పేరుకుని ఉంది. బండల వ్యాపారి కంటికి అది ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పాత ఇళ్లలోంచి పీకిన బండల వీపుకు ఇలాగే సున్నం పట్టుకుని ఉంటుంది. అది గీకి, తడి ఇసుకతో రుద్దితే గాని బండ మళ్లీ సరిగా కూర్చోదు. ముఖానికి గీత పడకుండా బోర్లా పెట్టి వీపు గీకాలన్నది తాండూరులో పనిలోకి దిగిన మొదటి రోజే నేర్పే విద్య. పనివాళ్లను నమ్మకుండా ఆయనే గడ్డి పరిచి, అద్దాలు నాలుగూ బోర్లించి, ఉలి పట్టుకుని కూర్చున్నాడు.

భార్య గోవిందమ్మ నీళ్లు పోస్తోంది. కాసేపటికి అన్నది. "ఇగో, నీళ్లు ఎర్రగ వస్తున్నయి. జర ఆగి చూడుండ్రి."

"నవాబుల ఇల్లు గాదె. పాన్ తిని ఉమ్మిండ్రు."

"ఇప్పుడు పచ్చగ వస్తున్నయి."

"పాచి. ఎన్నేండ్ల తోట అది."

"మరి నీలం?"

దానికి కూడా ఆయన దగ్గర జవాబుంది. "బట్టలకేసే నీలిమందు. నాకు తెల్వదా? నువ్వు నీళ్లు పొయ్యి."

ఆమె పోసింది. నాలుగూ రుద్దడం అయ్యాక పాండురంగం చేతులు తుడుచుకుని మొదటి అద్దాన్ని లేపి తిప్పాడు. అద్దంలోంచి గోవిందమ్మ కాళ్లు కనిపించాయి. రెండోది తిప్పితే గడ్డి కనిపించింది. మూడోది, నాలుగోది తిప్పడానికి చేతులు రాలేదు గాని తిప్పాడు. బొమ్మ గాజు లోపల ఉందనుకున్నాడు. అది గాజు వీపు మీద వేసిన బొమ్మ. ముందు నుంచి చూడాలని వెనక నుంచి గీశారు. తాను గీకింది ఆ బొమ్మనే.

గోవిందమ్మ వంగి ఒక్కో అద్దంలోంచీ అటు వైపు చూసింది. చివరికి "మస్తు శుభ్రమైనయి" అన్నది.

పాండురంగం అరుగు మీద కూలబడి పిల్లవాడిలా ఏడ్చాడు. పోయిన అద్దాల కోసం కాదు. అక్క నిజం చెప్పిందనడానికి లోకంలో ఉన్న ఒక్క సాక్ష్యాన్ని, మొదట ఆమెను అబద్ధాలకోరును చేసిన తానే, నీళ్లు పోయించుకుని మరీ కడిగేశాడు.

"రైల్ల పగిలినయని చెప్పుండ్రి" అన్నది గోవిందమ్మ.

అది ఆయనకూ తోచింది. లేదా హర్రాజులో చేతులు మారాయనొచ్చు. ఏది చెప్పినా తన పరువు నిలుస్తుంది, అక్క మాట మాత్రం అబద్ధంగానే మిగిలిపోతుంది. నిజం చెబితే రంగుకూ సున్నానికీ తేడా తెలియని మనిషి దగ్గర రేపటి నుంచి బండలు ఎవరు కొంటారు? ఎటూ తేల్చుకోలేక, తెల్లారి ఆ ఉత్త అద్దాలనే కిటికీలకు బిగించాడు.

కుల్కచర్ల వాళ్లు వచ్చారు. సత్యమ్మ పాలు పొంగించింది. చెంబు ఆమె పక్కనే ఉంది. హాలులోకి అందరూ వచ్చి నిలబడ్డారు. నాలుగు అద్దాల్లోంచి ఎదురుగా బండల కుప్ప, దాని నీడన పడుకున్న ఒక గాడిద శుభ్రంగా కనబడుతున్నాయి. సత్యమ్మ ఒక్కో అద్దం ముందూ ఆగి చూసింది. ఆమె ముఖం చిన్నబోవడం పాండురంగం చూశాడు. అంతే, ఇంక దాచుకోలేకపోయాడు.

"ఉండె" అన్నాడు. "బొమ్మ ఉండె. మబ్బు, ఉయ్యాల, చిలుక, అక్క చెప్పినట్టే ఉండె. నేను నా కండ్లతోని చూసిన. సున్నమనుకోని నేనే గీకిన. అక్క అబద్ధం చెప్పలె. గేటు కాడ ఆపింది నన్నొక్కన్నే."

హన్మయ్య అద్దాలకేసి చూశాడు, గాడిదకేసి చూశాడు. "అక్కకు తగ్గ తమ్ముడు. ఆమె చూసిన్నంటది, ఈయన చెరిపిన్నంటడు" అన్నాడు. హాలంతా గొల్లుమన్నది. పాండురంగం ప్రమాణం చేశాడు, హర్రాజు సంగతి చెప్పాడు, నీళ్ల రంగులు చెప్పాడు. చెప్పిన కొద్దీ నవ్వులు పెరిగాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పి నవ్వులపాలు కావడం ఎలా ఉంటుందో, ఇన్నేళ్లూ అక్క ఆ ఇంట్లో ఎలా నెట్టుకొచ్చిందో ఆయనకు అప్పుడు తెలిసింది.

నవ్వనిది సత్యమ్మ ఒక్కతే. దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "ఉయ్యాల కింద ఏముండె?"

పాండురంగం కళ్లు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. "కాలి చెప్పు. ఒకటే చెప్పు, కాలి నుంచి జారిపడ్డట్టు."

సత్యమ్మ కళ్లు నిండాయి. "గా ముచ్చట నేను ఎవ్వలకు చెప్పలె తమ్మీ" అన్నది. "అందరు నవ్వంగ నవ్వంగ, నిజంగనే కలగన్ననేమో అనుకుంటున్న. గీ మధ్య నాకే నమ్మకం పోయింది."

హన్మయ్య వెనక నుంచి ఇంకేదో అంటూనే ఉన్నాడు. ఆమె అటు తిరగలేదు.

"గోవిందమ్మా, జర మంచినీళ్లు తే" అన్నది.