రెండు డిస్కుల సినిమా

తెనాలి నుంచి వచ్చి ఉప్పల్‌లో వీడియో కంపెనీ పెట్టినప్పుడు చిదంబరం దానికి భార్య పేరే పెట్టాడు, రాజ్యం వీడియోస్ అని. మొదట్లో క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు. తర్వాత చిన్న సినిమాల వీడియో హక్కులు కొని తనే విడుదల చేయడం మొదలుపెట్టాడు. వీసీడీలు వచ్చాక కంపెనీ దశ తిరిగింది. బస్టాండ్లలో, సంతల్లో, చివరికి కిరాణా కొట్లలో కూడా అతని డిస్కులు వేలాడేవి. డీవీడీల కాలానికి ఊపు తగ్గింది. ఫోన్లలోకి సినిమాలు వచ్చేసరికి షట్టర్ దించేశాడు. మిగిలిన సినిమాలను ఇప్పుడు కూతురు ఆమని, ఆఫీసు లేని రోజుల్లో, యూట్యూబ్‌లో పెడుతోంది.

ఒక ఆదివారం పొద్దున ఆమని ఒక సినిమా కింద వచ్చిన కామెంట్లు చదువుతూ ఆగింది.

"నాన్నా, ఇది విను. 'మా అమ్మ ఈ సినిమాలో యాక్ట్ చేసింది. మా నాచారంలోనే షూటింగ్ అయింది. కానీ ఇందులో ఆ సీన్ లేదు. ఫుల్ సినిమా ఉంటే పెట్టండి ప్లీజ్.' ఎవరో కావ్య అట. మన దగ్గరున్నది ఫుల్ సినిమానే కదా?"

చిదంబరం కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"కాదమ్మా."

ఒక వీసీడీలో గంటంపావుకి మించి పెద్దగా పట్టేది కాదు. దాదాపు మూడు గంటల సినిమాకి మూడు డిస్కులు కావాలి. మూడు డిస్కులంటే ధర పెరుగుతుంది, జనం కొనరు. అందుకని ప్రతి సినిమానీ రెండింటిలో ఇరికించేవాడు. పాటలు, ఫైట్లు ముట్టుకునేవాడు కాదు. తెలిసిన మొహాలున్న సీన్లనీ ముట్టుకునేవాడు కాదు. ఎడిటర్ పక్కన కూర్చుని, మిగతావాటిలో ఇది తీసెయ్, అది తీసెయ్ అని చెప్పేవాడు. పూర్తి సినిమా ఉన్న టేపు మీద ఇంకో సినిమా ఎక్కించేవాడు. ఈ సినిమా నిర్మాత పోయాడు. ప్రింట్లు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు.

"అయితే ఆవిడ సీను ఇంకెక్కడా లేదా?"

"లేదు. నేనే తీయించేశాను."

"సారీ అని రాసేయనా?"

"వద్దు. వాళ్లిల్లెక్కడో కనుక్కో."

ఆ మాట అన్నాడే గానీ, చిరునామా వచ్చాక రెండు వారాలు ఏదో వంక చెప్పి వాయిదా వేశాడు. చివరికి ఆమనే బలవంతంగా కారెక్కించింది.

ఇల్లు నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో ఉంది. కావ్య తలుపు తీసి లోపలికి పిలిచింది. వాళ్లమ్మ వెంకటనర్సమ్మ మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి మొహం కడుక్కుని కూర్చుంది. చిదంబరం సంగతంతా చెప్పాడు.

"అయితే సీన్ ఉండె," అంది ఆమె అంతా విని. "నేను జేసింది నిజమే."

"నిజమేనమ్మా."

"షూటింగోళ్లు కంపెనీ గేటు కాడ నన్ను సూసి పిలిచిన్రు సారూ. సినిమా టాకీసుల పడ్డప్పుడు కావ్య కడుపుల ఉండె, కాన్పుకు మా అమ్మోళ్లింటికి వోయిన. వచ్చేసరికి సినిమా ఎత్తేసిన్రు. నేనొచ్చినంక సూద్దామని మా ఆయన పోలే, గల్లీల ఇంకెవ్వలూ సూడలే. మీ డిస్కులొచ్చినంక మా ఆయన ప్లేయర్ కిరాయికి తెచ్చిండు. గల్లీనంతా పిలిచిండు. రెండు డిస్కులూ అయిపోయినయి. నేను లేను."

"అందరూ మస్తు నవ్విన్రంట," అంది కావ్య. "ఇప్పటికీ అమ్మను హీరోయిన్ అనే పిలుస్తరు అంకుల్."

"నవ్వితే నవ్విన్రు తియ్. మా ఆయన మాత్రం ఒక్క మాట అనలే. ప్లేయర్ బంద్ జేసి మూట గట్టిండు. మళ్ల ఆ ముచ్చట ఎన్నడూ తియ్యలే." ఆమె కాస్త ముందుకు జరిగింది. "నా సీన్ సూసినోళ్లల్ల నాకు దొరికింది మీరొక్కలే సారూ. ఎట్ల జేసిన? మంచిగ కనవడ్డనా?"

చిదంబరానికి ఏమీ గుర్తు లేదు. ఆ రోజుల్లో వారానికో సినిమా కోసేవాడు.

"చాలా బాగా చేశావమ్మా," అన్నాడు. "నువ్వు ఏడుస్తుంటే నాకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి."

నర్సమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఏడ్సుడు లేదు సారూ. జీపుకు అడ్డం నిలవడి విలన్ను తిట్టుడు."

ఆమని తల దించుకుంది. చిదంబరం లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు.

"తప్పయిపోయింది. నాకు గుర్తు లేదమ్మా. అసలు సరిగ్గా చూశానో లేదో కూడా తెలియదు. నీ మొహం తెలిసిన మొహం కాదని తీసెయ్యమని చెప్పి ఉంటాను."

ఆమె గోడ మీద దండ వేసిన ఫోటో వైపు చెయ్యి చూపించింది.

"నాకు చెప్పుడు కాదు సారూ. గాయనకు చెప్పు. మొన్నటి కార్తీకానికి రెండేండ్లాయె పోయి."

చిదంబరం ఫోటో ముందుకు వెళ్లాడు. దాని కింద కొమురెల్లి అని పేరు రాసి ఉంది. ఆయన నవ్వకుండా, బొత్తాలన్నీ పెట్టుకున్న చొక్కాలో ఉన్నాడు.

"కొమురెల్లి గారూ," అన్నాడు. "మీ ఆవిడ మీకు అబద్ధం చెప్పలేదండీ. ఆమె చేసింది. కోసింది నేను."

వెనక నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కావ్య వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. కాసేపటికి నర్సమ్మే లేచి, "చాయ్ తాగి పోండ్రి," అని లోపలికి నడిచింది. చిదంబరం గ్లాసు ఖాళీ చేసే కిందపెట్టాడు.

తిరుగు దారిలో ఆమని అడిగింది.

"నాన్నా, ఆ సినిమా కింద నీ పేరుతోనే రాసేయనా? వెంకటనర్సమ్మ గారి సీను మేమే తీసేశామని?"

"రాయి. మేము అని కాదు, నేను అని రాయి."

సిగ్నల్ పడి కారు ఆగింది.

"మిగతా సినిమాల్లో కూడా ఇలాగే కోశావా?"

"అన్నిట్లోనూ అమ్మా," అన్నాడు చిదంబరం. ఆ పైన ఇల్లు చేరేదాకా అతను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు.