వాపసు ఇచ్చిన కప్పు

మా ఆయన వీరభద్రం పోయి నెల దాటింది. ఆయన హన్మకొండలో ఒక కాలేజీకి ఫిజికల్ డైరెక్టరు. నేను కాశిబుగ్గ బడిలో టీచరును. ఆయన జట్లు గెలిచిన కప్పులు చాలా ఉన్నాయి. నాకు మాత్రం తిరిగి ఇచ్చేసిన కప్పే గుర్తుకొస్తున్నది.

అది పదేళ్ల కిందటి మాట, 1978 చలికాలం. కాలేజీల కబడ్డీ ఫైనల్ కరీంనగర్‌లో. గర్భం నిలవక నేను దవాఖానలో ఉన్నాను. ఆయన నన్ను వదిలి పోలేక, జట్టు వెంట ఒక కొత్త లెక్చరర్‌ను పంపారు. జట్టు గెలిచి వచ్చింది.

కెప్టెన్ రాయమల్లు జంపఖానాలు నేసే ఇంటి పిల్లవాడు. డిగ్రీ రెండో ఏడు. మరుసటి ఏడు ఇవే పోటీలకు రైల్వే వాళ్లు వచ్చి ఉద్యోగాలకు ఆటగాళ్లను ఎంచుకుంటారని తెలిసింది. ఆ ఉద్యోగం రాయమల్లుకు వచ్చేసినట్టే మా ఆయన అందరికీ చెప్పుకునేవారు.

నేను ఇంటికి వచ్చాక రాయమల్లు తల్లి రాజక్క పలకరించడానికి వచ్చింది. గెలిచినప్పటి నుంచి నీ కొడుకు కనిపించడం లేదేమని మా ఆయన అడిగారు.

"ఇంకా జరం ఇడుస్తలేదు సారూ. ఆట నాడైతే లేవనే లేకపాయె. చిన్నోడే పోయి ఆడిండు గదా."

చిన్నవాడు యాకయ్య కాలేజీ గడప తొక్కినవాడు కాదు. పదో తరగతిలో చదువు మాని మగ్గం మీద కూర్చున్నాడు.

"యాకయ్య ఆడిండా? అన్న పేరు మీద?"

"ఇంటి తరపున ఒకడు పోవాలె గదా సారూ. మగ్గం కాడ గంతే జేస్తం. పెద్దోడు పంటె చిన్నోడు కూసుంటడు, పెద్దోని పేరు మీదనే బట్ట పోతది." ఆమె నవ్వింది. "చిన్నోడే జర మంచిగ ఆడిండట. పెద్దోడు మంచంల పండి కుళ్లుకుంటాండు."

ఆమె ఏదీ దాచలేదు. దాచవలసినది ఉందని ఆమెకు తెలియదు. ఆ ఇళ్లలో మగ్గం ఒకరి పేరున ఉంటుంది, ఎవరికి వీలైతే వాళ్లు నేస్తారు. అన్నదమ్ములది ఒకటే పోలిక కావడంతో కరీంనగర్‌లో ఎవరూ గుర్తుపట్టలేదు. జట్టులో పిల్లలకూ అందులో తప్పు కనబడలేదు.

మా ఆయన మరునాడే ప్రిన్సిపాల్ కిషన్ రావు గారికి చెప్పారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, మీరు లేని చోట జరిగినదానికి మీకెందుకని ఆయన సర్దిచెప్పబోయారు. నేను లేకపోవడం వల్లే జరిగింది సార్ అన్నారట ఈయన. పోటీలు నడిపిన వాళ్లకు కప్పు తిరిగి పంపారు. వచ్చే ఏడు మా జట్టు రాదని, ఆ ఏడాది తాను శిక్షణ కూడా ఇవ్వనని రాశారు. ఆ శిక్షలు ఎవరూ వేయలేదు. ఆయనే వేశారు.

రాయమల్లును ఒక్కణ్ణి ఆపితే సరిపోదా అని అడిగాను. అందరితో పాటు ఆగితే వాడికి కొంత తేలికగా ఉంటుందన్నారు.

మైదానంలో జట్టును కూర్చోబెట్టి చెప్పారు. జ్వరంతో చిక్కిపోయిన రాయమల్లు తల ఎత్తకుండా సరే సార్ అన్నాడట.

మరుసటి ఏడు రైల్వే వాళ్లు వచ్చారు. మా ఆయన వాళ్ల దగ్గరికి పోయి, ఈ పిల్లవాడి ఆట ఒక్కసారి చూడమని బతిమాలారు. పోటీలో ఆడినవాళ్లనే చూడాలి, అది రూలు అన్నారు వాళ్లు. రూలు అన్న తరువాత ఈయన తిరిగి వచ్చేశారు. రాయమల్లు పరీక్షలు రాసి బొంబాయి దగ్గరి భీవండికి, మరమగ్గాల మీద పనికి వెళ్లిపోయాడు.

దసరాకు పాత విద్యార్థులు జమ్మి ఆకు చేతిలో పెట్టి దీవెన తీసుకోవడానికి మా ఇంటికి వచ్చేవారు. రాయమల్లు ఊరికి వచ్చినా మా ఇంటికి రాలేదు. దసరా నాడు ఈయన చీకటి పడేదాకా ముందుగదిలోనే కూర్చునేవారు.

పోయిన ఆదివారం రాయమల్లు వచ్చాడు. కుర్చీ వేసినా కింద కూర్చున్నాడు. సార్ చివరిలో బాధపడ్డారా అని అడిగాడు. ఎక్కువ పడలేదని చెప్పాను. సార్ మీద కోపం ఉండెనా అని అడిగాను.

"రైల్వే పోయిందని కాదు టీచరమ్మా. తమ్ముణ్ణి పొమ్మన్నది నేనే. తప్పు నాదే. ఏం జేద్దాంరా అని సార్ ఒక్కమాట నన్ను అడిగితే, కప్పు వాపస్ ఇద్దాం సార్, నేను ఆడను అని నా నోటితోని నేనే అందును. అడగకపాయె. నేను అననని అనుకున్నడు."

సార్ అట్లా అనుకోలేదని చెప్పాలనిపించింది. కానీ ఆయన ఏమనుకున్నారో నాకు తెలియదు. తెలియని మాట చెప్పలేకపోయాను. ఇప్పుడు ఆడుతున్నావా అన్నాను.

"లేదు. భీవండిల మనోళ్ల టీములున్నయి, పిలుస్తరు. నేనే పోత లేను."

"సార్ ఒక్క ఏడాదే కదా ఆపింది?"

"అది సార్ ఏసింది. ఇది నేను ఏసుకున్నది. సార్ పిలిచి ఇగ చాలు అంటడని ఎదురుచూసిన."

నేను చాలన్నాను. చాలు రాయమల్లూ, ఇక ఆడు అన్నాను. అతను తలూపి లేచాడు. నేను అంటే సరిపోయే మాట కాదది. అతనికీ తెలుసు, నాకూ తెలుసు. గుమ్మం దాకా వెళ్లి సాగనంపాను.